బాధ్యత మోసేవారి చదువు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



ఏటా ఈ వేదిక మీద లెక్కలు చదువుతాం. జకాత్ ఎంత వచ్చింది, సదఖా ఎంత వచ్చింది, ఫీజులకు ఎంత వెళ్లింది, కుట్టుమిషన్లకు ఎంత వెళ్లింది అని. ఆ లెక్కలు సావనీర్ చివరి పేజీల్లో అచ్చు వేశాం, తీరిగ్గా చూసుకోవచ్చు. ఈసారి దానికి ముందు మా గురించి ఒక లెక్క చెప్పాలనుకున్నాం. మీ డబ్బు మా చేతుల్లో అమానత్. ఆ చేతులు ఎలాంటివో, ఎలా పని నేర్చుకుంటున్నాయో మీకు తెలియాలి కదా.

మూడు రంజాన్‌ల కిందటి సంగతితో మొదలుపెడతాం. మీలో చాలామంది ఆ రోజు హాల్లో ఉన్నారు. రేషన్ కిట్ల పంపిణీ. పెద్ద ఫ్లెక్సీ కట్టాం, వేదిక వేశాం, మైకు పెట్టాం. లబ్ధిదారుల పేరు మైకులో పిలవడం, వాళ్లు మెట్లెక్కి రావడం, దాత చేత్తో సంచి అందించడం, ఫొటో. అరవై డెబ్భై పేర్లు అలా గడిచాయి. తర్వాత ఒకమ్మ పేరు పిలిచాం. రాలేదు. రెండోసారి పిలిచాం, మూడోసారి ఇంటిపేరు కూడా కలిపి పిలిచాం. అప్పుడు వేదిక పక్కన సంచులు మోస్తున్న మా వాలంటీరు కుర్రాడు ఒకడు చేతిలో సంచి కింద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయాడు. ఆమె వాళ్లమ్మ. ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలియదు. లిస్టు రాసిన వాళ్లు వేరు, వాలంటీర్లను పిలిచిన వాళ్లు వేరు.

తరావీహ్ అయ్యాక కిట్టు పట్టుకుని ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. భర్త ఉన్నన్నాళ్లూ మగ్గం మీద బతికిన కుటుంబం. ఆయన పోయాక ఆమె మిర్చి తొడిమలు తీసే పనికి వెళుతోంది. మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. తర్వాత మెల్లగా ఒక మాట అంది. "భాయ్, మీరిచ్చే బియ్యం మాకు అవసరమే, అబద్ధం చెప్పను. మావాడి స్నేహితుల ముందు నా పేరు మైకులో పలకడం మాత్రం అవసరం లేదు." కుర్రాడు లోపలి గదిలోంచి బయటికి రాలేదు. ఆ తర్వాత చాలా నెలలు సంస్థ గడప తొక్కలేదు.

ఆ రాత్రి కార్యవర్గంలో పెద్ద గొడవే జరిగింది. ఫొటో లేకపోతే దాతలకు ఏం చూపిస్తామని ఒకరు. ఇంత చేసినా మాట పడాల్సి వస్తే రాజీనామా చేస్తానని ఇంకొకరు. అందరికంటే పెద్దవారు, రిటైరైన ఉపాధ్యాయులు, అంతసేపూ ఊరుకుని, లేచి వెళ్లి ఖుర్ఆన్ తెలుగు తర్జుమా తెచ్చారు. బఖరా సూరా 264వ ఆయత్ తీశారు. ఇచ్చిన దానాన్ని చెప్పుకుని, తీసుకున్నవారి మనసు నొప్పించి ఆ దానాన్ని వృథా చేసుకోవద్దన్న హెచ్చరిక అందులో ఉంది. కొంచెం కిందనే 271వ ఆయత్. బహిరంగంగా ఇచ్చినా మంచిదే, గుట్టుగా పేదవారికి అందిస్తే మీకు మరింత మేలు అన్న భావం అక్కడ ఉంది. మాలో సగం మందికి ఆ ఆయత్‌లు అరబీలో కంఠతా వచ్చు. బయాన్లలో అర్థం ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఫ్లెక్సీకి ఆర్డరిచ్చిన రోజు మాత్రం ఒక్కరికీ గుర్తు రాలేదు. ఫ్లెక్సీలో అచ్చుతప్పులు ఉన్నాయేమోనని నలుగురం నాలుగుసార్లు చూశాం, అది వేరే సంగతి.

అప్పుడు అర్థమైంది. సంస్థ నడపడం మాకు వచ్చు. చందా వసూలు చేయడం, హాలు మాట్లాడటం, బిల్లులు దాచడం వచ్చు. మనుషుల ముందు నిలబడి వాళ్ల తరఫున నిర్ణయం తీసుకోవడం అనే పని మాత్రం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వయసు వచ్చింది, నాలుగు డబ్బులు వచ్చాయి, కమిటీలో పేరు వచ్చింది. అంతే.

అందుకని నెలకోసారి కూర్చుని చదవడం మొదలుపెట్టాం. నెల మొదటి ఆదివారం, ఇషా తర్వాత, ముప్పావు గంట. ఎనిమిది మందిమో పది మందిమో. చదువు తెలుగులో. ఇది కొంచెం చెప్పాలి. ఇదివరకు మా సమావేశాలు ఉర్దూలో జరిగేవి. మినిట్స్ కూడా అంతే. మాలో నూర్‌బాషా ఇళ్ల నుంచి వచ్చినవారున్నారు. దూది ఏకిన తాతల కాలం నుంచీ వాళ్లింట్లో మాట తెలుగే. వాళ్లు సమావేశాల్లో తలూపేవారు. మేము దాన్ని అంగీకారం అనుకునేవాళ్లం. తెలుగులో కూర్చున్న మొదటి నెలలోనే వాళ్లు మూడు విషయాల్లో మాతో విభేదించారు. అన్నేళ్లుగా ఆ మూడూ వాళ్ల మనసులోనే ఉన్నాయట.

తెలుగులో దీన్ గురించి చదవడం తక్కువ పనేమీ కాదని అప్పుడే తెలుసుకున్నాం. ఖుర్ఆన్‌ను తెలుగు చేసినవారిలో చిలుకూరి నారాయణరావు గారి వంటి పండితులున్నారు. ఆయన ముస్లిం కూడా కాదు. పిఠాపురంలో ఉమర్ అలీషా గారు (1885–1945) పారసీ నుంచి ఖయ్యాం రుబాయీలను నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఆధ్యాత్మిక పీఠానికి అధిపతిగా ఉంటూనే కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. తెలుగు పద్యం చెబుతూ, అరబీ పారసీ చదువుతూ, ప్రజల తరఫున మాట్లాడిన మనిషి మన గోదావరి అవతలే ఉన్నారు. మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

మొదట్లో పుస్తకాల ఎంపికలో దెబ్బతిన్నాం. బస్టాండులో, రైల్వే స్టేషన్‌లో అమ్మే నాయకత్వం పుస్తకాలు తెచ్చాం. విజయానికి ఏడు మెట్లు, పది సూత్రాల వంటివి. రెండు నెలలు చదివాం. కిరాణా కొట్టు నడిపే మా సభ్యుడు రెండో నెల హాయిగా నిద్రపోయారు. లేపితే, "ఇందులో మనుషులెవరూ లేరండీ, సూత్రాలే ఉన్నాయి" అన్నారు. ఆ మాట నిజమే. మూడో నెల ఎవరో జాకిర్ హుసేన్ గారి జీవిత చరిత్ర తెచ్చారు. అది ఐదు నెలలు నడిచింది.

రాష్ట్రపతి జాకిర్ హుసేన్ అని అందరికీ తెలుసు. ఆయన పుట్టింది హైదరాబాదులోనని మాలో చాలామందికి తెలియదు. 1897 ఫిబ్రవరి 8న పుట్టారు. తండ్రి హైదరాబాదులో వకీలు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని తమ సొంతూరు ఖాయంగంజ్‌కు వెళ్లిపోయింది. 1920లో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి ప్రభుత్వ సాయంతో నడిచే చదువు వదిలిరమ్మని పిలిస్తే, అక్కడి కాలేజీని వదిలి వచ్చినవారిలో ఆయన ఒకరు. ఆ అక్టోబరు 29న జామియా మిల్లియా పుట్టింది. ఆ తర్వాత ఆయన అర్థశాస్త్రం చదవడానికి జర్మనీ వెళ్లారు.

బెర్లిన్‌లో ఉన్న రోజుల్లో ఆయన గాలిబ్ దీవాన్ అచ్చు వేయించారు. వేయించారు అనడం కూడా తప్పే, ప్రెస్సులో కూర్చుని స్వయంగా టైపు పేర్చారు. డాక్టరేటుకు వెళ్లిన మనిషి కంపోజిటర్ పని చేశాడన్నమాట. పని చేస్తూ నేర్చుకునే బడి గురించి చెప్పిన కెర్షెన్‌స్టైనర్ అనే జర్మన్ విద్యావేత్త భావాలు ఆయన మీద గాఢంగా పనిచేశాయి. చదివినది చేతుల్లోకి దిగిందో లేదో చూసుకునే అలవాటు ఆయనకు అక్కడే గట్టిపడిందని మాకు అనిపించింది.

ఈలోగా ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం చల్లబడింది. జామియాకు డబ్బు రావడం ఆగింది. మూసేద్దామన్నవారు చాలామంది. జర్మనీ నుంచి జాకిర్ సాబ్, ఆయన మిత్రులు అబిద్ హుసేన్, ముజీబ్ కబురు పంపారు, మేం వచ్చి పనిచేస్తాం, మూయవద్దని. 1926లో ముగ్గురూ వచ్చారు. జాకిర్ సాబ్ వైస్ చాన్సలర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 29. మరుసటి ఏడు డిసెంబరులో సంస్థను భుజాన మోస్తున్న హకీం అజ్మల్ ఖాన్ గారు కన్నుమూశారు. ఖజానా ఖాళీ.

ఇక్కడ మేము ఒక రాత్రంతా ఆగిపోయాం. మనమైతే ఏం చేసేవాళ్లం? పెద్ద దాత కోసం తిరిగేవాళ్లం. ఏ నవాబు గారింటికో వెళ్లేవాళ్లం. 1928లో ఆయన, తోటి ఉపాధ్యాయులు ఒక ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్లు జామియాలోనే పనిచేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం అని. ముందు తమ జీతం తగ్గించుకుని, ఆ తర్వాత జనం ముందు చెయ్యి చాపారు. హమ్‌దర్దానే జామియా పేరుతో చిన్న చిన్న మొత్తాలిచ్చే సామాన్యుల్ని చేర్చుకున్నారు. ఆయన ఆ కుర్చీలో 22 ఏళ్లు, 1948 వరకు ఉన్నారు.

ఆయన నాయకత్వ పద్ధతి ఎలాంటిదో చెప్పే ముచ్చట ఒకటి చాలామంది చెబుతుంటారు. విద్యార్థులు మాసిన బూట్లతో వస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినడం లేదు. ఒకరోజు వైస్ చాన్సలర్ గారే బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారు, వచ్చినవాళ్ల బూట్లు తుడుస్తానని. ఆ మర్నాటి నుంచి మళ్లీ చెప్పవలసిన అవసరం రాలేదట. ఆయనే ప్లేటో రిపబ్లిక్‌ను ఉర్దూలోకి అనువదించారు. ఆయనే చిన్నపిల్లలకు కథలు రాశారు, వాటిని రుఖయ్యా రైహానా అనే పేరుతో అచ్చు వేశారు. అది పసితనంలోనే చనిపోయిన ఆయన కూతురి పేరు.

ఇది విన్న ఉత్సాహంలో మాలో ఒకరు, "అయితే మనమూ వచ్చే ఆదివారం మదరసాలో బాత్రూములు కడుగుదాం" అన్నారు. వాట్సాప్‌లో పెట్టడానికి బాగుంటుందని కూడా అన్నారు. అందరం నవ్వాం. నవ్వాక కొంచెం సిగ్గేసింది. బ్రష్షు జాకిర్ సాబ్‌కు సరిపోయింది, ఎందుకంటే దాని వెనక అన్నేళ్ల చదువు, తన చేత్తో పేర్చిన టైపు, తగ్గించుకున్న జీతం ఉన్నాయి. మేము బ్రష్షొక్కటే తెచ్చుకుంటే అది మళ్లీ ఫ్లెక్సీయే అవుతుంది. మన ఊళ్లో గుంట మగ్గం ఎక్కిన కుర్రాడికి పక్క మగ్గం వాడి చేతి వేగం చూసి చేయడం కుదరదు. తన పోగు ఎక్కడ తెగుతోందో తను చూసుకోవాలి.

అందుకే పుస్తకంతో పాటు నోటుబుక్కు పెట్టాం. హజ్రత్ ఉమర్ (రజి) మాటగా పెద్దలు చెబుతారు కదా, మీ లెక్క అడగకముందే మీ లెక్క మీరు చూసుకోండి అని. ముహాసబా. తలా ఒక నోటుబుక్కు, అందులో మూడు గళ్లు. ఈ నెల నేను తీసుకున్న నిర్ణయం ఏమిటి, తీసుకునే ముందు ఎవరిని అడిగాను, దానివల్ల ఎవరికి నొప్పి కలిగింది. ఎవరిది వారే రాసుకోవాలి. చూపించాలన్న నియమం లేదు.

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేసే మా సభ్యుడు నాలుగు నెలలు రాసి, తనే నోటుబుక్కు తెచ్చి మా ముందు పెట్టారు. రెండో గడి నాలుగు నెలలూ ఖాళీ. ఎవరినీ అడగలేదు. యార్డులో క్షణంలో ధర తేల్చాలి, ఆ అలవాటు ఇక్కడికీ తెచ్చానన్నారు. ఆయన మెత్తగా మారిపోలేదు. గొంతు అలాగే ఉంది, వేగమూ అలాగే ఉంది. ఒక్కటి మార్చుకున్నారు. ఏ విషయంలోనైనా తన మాట చివర చెబుతారు. ఆయన ముందే చెబితే ఇక ఎవరూ నోరు విప్పడం లేదని ఆయనకే తెలిసింది. కార్యదర్శిది ఇంకో రకం సమస్య. అందరినీ అడుగుతారు, ఎవరినీ నొప్పించరు, నిర్ణయం మాత్రం తేలదు. ఆ ఆలస్యం వల్ల ఒక అమ్మాయి కాలేజీ ఫీజు గడువు దాటి జరిమానా కట్టుకుంది. ఆ జరిమానా ఆయన తన జేబులోంచి ఇచ్చారు. ఇప్పుడు ప్రతి దరఖాస్తు మీద తేల్చే తేదీ ముందే రాస్తున్నారు. ఇద్దరికీ ఒకే మందు రాసి ఉంటే ఒకరికి పనిచేసేది కాదు.

మషూరా గురించి కూడా ఒక చేదు అనుభవం చెప్పాలి. ఖుర్ఆన్‌లో ఒక సూరాకు ఆ పేరే ఉంది, అష్షూరా అని. మేమూ యువకుల్ని అడిగి పనిచేయాలనుకున్నాం. పోటీ పరీక్షలకు ఉచిత కోచింగ్ పెడదామన్నారు. పెద్దలకు ఇష్టం లేదు, అయినా ఒప్పుకున్నారు. మొదటి వారం గది నిండిపోయింది. రెండు నెలలు తిరిగేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది మిగిలారు. "మేము ముందే చెప్పాం" అనే మాట పెద్దల నోటి చివరిదాకా వచ్చింది. నిజం చెప్పాలంటే ఇద్దరు అనేశారు కూడా.

ఆ నెల మేము చదివింది ఉహుద్ గురించి. దైవప్రవక్త ముహమ్మద్ (స) యుద్ధానికి ముందు సహచరుల్ని అడిగారు. మదీనాలోనే ఉండి ఎదుర్కొందామన్నది ఆయన మొగ్గు. బయటికి వెళదామన్నారు ఎక్కువమంది, ముఖ్యంగా యువకులు. ఆయన వాళ్ల మాట మన్నించి బయలుదేరారు. ఎంత నష్టం జరిగిందో మీకు తెలుసు. ఆ తర్వాత దిగిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయత్ ఏం చెబుతోంది? వాళ్లను క్షమించమంది, వాళ్ల కోసం దువా చేయమంది, వ్యవహారాల్లో వాళ్లను సంప్రదించమంది. అడిగినందువల్ల ఇంత జరిగింది కనుక ఇక అడగవద్దని చెప్పలేదు. మా పెద్దలు ఆ రాత్రి చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు ఆ కుర్రాళ్లనే పిలిచి ఎందుకు తగ్గారని అడిగితే, చీకటి పడ్డాక ఆడపిల్లల్ని ఇళ్లల్లో పంపడం లేదన్నారు. తరగతులు ఉదయానికి మార్చారు. ఇప్పుడు నడుస్తున్నాయి, గది నిండా అని చెప్పలేం గానీ నడుస్తున్నాయి.

ఇక మీతో, దాతలతో, నేరుగా మాట్లాడాల్సిన విషయం. ఆ రంజాన్ తర్వాత మేము తీసుకునేవారి ఫొటోలు తీయడం మానేశాం. పేర్లు మైకులో పిలవడం మానేశాం. కిట్లు రాత్రిపూట ఇళ్లకే వెళ్తున్నాయి. మోసేవారికి ఎవరింట్లో ఇస్తున్నామో బయట చెప్పకూడదన్న షరతు ఉంది. దానివల్ల సంస్థకు నష్టం జరిగింది, దాచడం ఎందుకు. ఇద్దరు దాతలు చందా తగ్గించారు, ఒకరు మానేశారు. ఫొటో లేకుండా ఎలా నమ్మాలని అడిగారు. వారిని తప్పుపట్టం. దానం పేరుతో మోసాలు జరుగుతున్న రోజులివి, అడిగే హక్కు ఇచ్చేవారికి ఉంది. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం పేదరాలి ముఖంలో వెతకవద్దని కోరుతున్నాం. రిజిస్టర్లు వెతకండి. ప్రతి కొనుగోలుకు బిల్లు ఉంది. జకాత్ ఖాతా వేరు, సదఖా ఖాతా వేరు. దాతల్లో ఏ ఇద్దరైనా ఏ రోజైనా చెప్పకుండా వచ్చి స్టాకు, రసీదులు సరిచూసుకోవచ్చు. లబ్ధిదారుల పేర్లు చూడాలంటే ఆ ఇద్దరూ అమానత్‌గా ఉంచుతామని ఒప్పుకుని చూడవచ్చు.

ఇంకో మాట. ఈ సావనీర్‌లో దాతల ఫొటోలు వేశాం. అది కూడా ఎందుకని మాలో ఒకరు అడిగారు. దాని మీద ఇంకా తేలలేదు. ప్రకటనలు రాకపోతే అచ్చు ఖర్చు రాదన్నది ఒక వాదన. ఇచ్చేవారిని చూసి ఇంకొకరు ఇస్తారన్నది మరొకటి, దానికి 271వ ఆయత్ మొదటి సగంలో ఆధారం ఉంది కూడా. ఆ చర్చలో ఇమామ్ గజాలీ పేరు వచ్చింది. ఆయన 1095లో బగ్దాద్ నిజామియాలో ఆచార్య పదవిలో, పేరు ప్రతిష్ఠలు శిఖరాన ఉన్నప్పుడు, తను పాఠం చెబుతున్నది ఎవరి కోసమని తనను తాను ప్రశ్నించుకున్నారు. అందులో పేరు కోరిక కలిసి ఉందని తేలితే పదవి వదిలి వెళ్లిపోయారు. ఏళ్ల తర్వాత గానీ మళ్లీ పాఠం చెప్పలేదు. మాకంత ధైర్యం లేదు, కార్యవర్గం మొత్తం వదిలి వెళ్లిపోతే సంస్థకు తాళమే. ఆ ప్రశ్న మాత్రం మాకూ మీకూ ఒకటే.

ఆ కుర్రాడు కిందటేడు వచ్చాడు. ఒక ఆదివారం ఇషా తర్వాత తలుపు దగ్గర నిలబడి, కూర్చోవచ్చా అన్నాడు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మూడు నెలలు ఏమీ మాట్లాడలేదు. నాలుగో నెల మా స్కాలర్‌షిప్ దరఖాస్తు ఫారం తీసి, "ఇందులో ఆరో ప్రశ్న ఎందుకు?" అన్నాడు. 'మీ పేదరికానికి కారణం రాయండి' అన్నది ఆ ప్రశ్న. ఎన్నేళ్లుగా అచ్చు వేస్తున్నామో మాకే తెలియదు. ఎవరు చేర్చారో కూడా గుర్తులేదు. ఆదాయం వివరాలు మూడో ప్రశ్నలోనే ఉన్నాయి. మిర్చి యార్డు సాబ్ ఎప్పటిలాగే అందరి మాటా విని చివర మాట్లాడారు. ఆరో ప్రశ్న తీసేశాం. కొత్త ఫారం బయట టేబుల్ మీద ఉంది, మీకు తెలిసిన పిల్లలుంటే తీసుకెళ్లండి.

వచ్చే నెల మొదటి ఆదివారం గజాలీ గారి జీవితం మొదలుపెడుతున్నాం. దాతలు కూడా వచ్చి కూర్చోవచ్చు. నోటుబుక్కు మీరే తెచ్చుకోవాలి, చాయ్ మాది. దువాల్లో మమ్మల్ని గుర్తుంచుకోండి.

వస్సలాము అలైకుం.